దొరగారి అద్దం

నవంబరు 2

ఇన్సూరెన్సు ఏజెంటు ఏటా ఒక డైరీ ఇచ్చి పోతాడు. క్షవరం చేయించుకుని, మెడ మీద వెంట్రుకలు దులుపుకుంటూ, "రాసుకోండి, మంచి అలవాటు" అంటాడు. ఇంతవరకు ఆ కాగితాలు కత్తి మీది నురుగు తుడవడానికే పనికొచ్చాయి. ఈ ఏటిది మాత్రం బతికిపోయింది. పక్క కుర్చీ దగ్గర బావ లేడు, నాకేమో నోరు ఊరుకోదు.

బావ ఉంటే ఈ రాతకోతల అవసరమే లేదు. ఏ మాటైనా అద్దంలోకి చూసి అనేవాణ్ణి. ఆయన తన అద్దంలోంచి బదులిచ్చేవాడు. ఇన్నేళ్లూ మేము ఒకరి మొహం ఒకరం నేరుగా చూసి మాట్లాడుకున్నది తక్కువే.

నిన్న ఆయన్నీ అక్కనీ బస్సెక్కించాను. భుజం పట్టేసిందట. కూతురు ఉండే ఊళ్లో మంచి డాక్టరున్నాడట, చూపించుకుని, కొన్నాళ్లు అక్కడే ఉండి వస్తారట. బస్సు కదిలేముందు కిటికీలోంచి తల బయటపెట్టి, "దొర జాగ్రత్తరా" అన్నాడు. కుర్చీ జాగ్రత్త అని మాత్రం అనలేదు. అనాల్సిన పనేముంది? ఆ కుర్చీ దగ్గర ఇంకొకణ్ణి నిలబెడతానా నేను!

దొర అంటే బావ పెంచుకునే ఫైటర్ చేప. ఒంటినిండా ఎరుపు, ఒంటికంటే పొడుగు తోక, తోకకంటే పొడుగు పొగరు. పక్కన ఇంకో చేపను బతకనివ్వడు. అందుకే ఒంటరిగా గాజు తొట్టిలో, వెనక గోడకి తువ్వాళ్ల బీరువా పక్కనున్న అరలో కాపురం.

నవంబరు 4

సెలవు. షాపుకొచ్చి, షట్టరు సగం దించి కూర్చున్నాను. "సెలవు రోజు కూడా ఇంట్లో ఉండలేరా?" అని మా ఆవిడ. దానికెలా చెప్పను? సెలవు పొద్దున మా బావా బావమరుదుల పని ఇదే. షట్టరు సగం దించుకుని ముందు నేను బావకు గడ్డం గీసేవాణ్ణి, తరవాత బావ నాకు గీసేవాడు. "వారమంతా లోకానికి గీసి, మన గడ్డం మనమే గీసుకుంటే ఇక ఈ వృత్తిలో సుఖమేముందిరా?" అనేవాడు. ఆయన చేతిలో కత్తి చెంప మీద నడుస్తుంటే కళ్లు మూతలు పడేవి. నా పెళ్లినాడు కూడా అలాగే నిద్రపోయాను. "లేవరా, అవతల పిల్ల మనసు మార్చుకుంటుంది" అని తడి తువ్వాలుతో కొట్టి లేపాడు.

పోయిన వానాకాలం నుంచి ఆయన వంతు పని తప్పింది. నేను గడ్డం పెంచుతున్నాను కదా. పెంచమన్నది ఆయనే. ఒకరోజు నురుగంతా రాసి, కత్తి చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేసి, "ఒరేయ్, నీకు గడ్డం నప్పుతుందిరా. మొహానికో పెద్దరికం వస్తుంది. పెంచు" అన్నాడు. మా ఆవిడ దీన్ని పొద అంటుంది. బతుకంతా అద్దం ముందు నిలబడ్డవాడు చెప్పాక, పొయ్యి ముందు నిలబడ్డదాని మాట వింటానా? ఈ ముక్క దాని కంట పడకూడదు.

నవంబరు 6

వెనక అరలో ఒంటరిగా బావ కోసం బెంగపెట్టుకున్నాడేమో అనిపించి, దొరను తొట్టితో సహా తెచ్చి బావ కుర్చీ ముందున్న బల్ల మీద పెట్టాను. ఇంతకాలం నాకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో! ఎదుటి అద్దంలో తన బొమ్మ చూసుకోగానే రెక్కలన్నీ విప్పాడు. మొప్పలు గొడుగుల్లా తెరిచాడు. వెనక గోడకి కూడా అద్దమే కాబట్టి అటు తిరిగితే అటూ ఒక దొర. షాపంతా దొరలే.

గిరాకీలకు పండగే పండగ. సగం నురుగు మొహంతో లేచొచ్చి చూసినవాళ్లున్నారు. బావ కూడా చేతద్దం చూపించి వీడితో ఇలాగే రెక్కలు విప్పించేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ రోజులు తిరిగొచ్చినట్టే ఉంది.

ఒక మాట రాసుకుంటాను, పైకి అంటే నవ్వుతారు. వీడు ఇలా కళకళలాడుతున్నంతకాలం బావకు ఏమీ కాదు. వీడు బాగుంటే ఆయన ఆ కుర్చీ దగ్గరికి వచ్చేస్తాడు.

నవంబరు 9

రిటైరైన లెక్కల మాస్టారు వచ్చి నా దగ్గర ఇద్దరు కాచుకుని ఉండడం చూసి, బావ కుర్చీలో కూర్చోబోయారు.

"అందులో వద్దు మాస్టారూ, స్ప్రింగు పోయింది."

"ఎప్పుడు పోయిందయ్యా?"

"మొన్ననే."

ఆ కుర్చీకి స్ప్రింగే లేదు.

పని తెమిలాక బావ అద్దం తుడిచాను. షాపు పెట్టిన కొత్తలో ఈ అద్దాన్ని బండి మీద తెస్తే పగులుతుందని ఇద్దరం చెరో పక్కా పట్టుకుని వీధులన్నీ దాటించి మోసుకొచ్చాం. నేను ముందు నడవాలి, బావ వెనక. అద్దం మొహం నా వైపు. నాకు దారి కనపడదు, అద్దంలో నేనే కనబడుతున్నాను, నా తల వెనక ఆకాశం. "నువ్వు నీ మొహం చూసుకుంటూ వెనక్కి నడువు, దారి సంగతి నేను చూస్తా" అన్నాడు. గుంటొస్తే గుంట అనేవాడు, కుక్కొస్తే కుక్క అనేవాడు. వీధిలో ఆడవాళ్లు ఆగి బొట్టు సర్దుకుని పోయారు. ఇంటింటి దగ్గరా ఆగుతూ మధ్యాహ్నం బయల్దేరినవాళ్లం దీపాలు పెట్టే వేళకు షాపు చేరాం. చేతులు పడిపోయాయి, అయినా దించిన దగ్గర్నుంచి ఇద్దరికీ ఒకటే నవ్వు. ఎందుకు నవ్వామో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. వయసు, అంతే.

నవంబరు 11

సెలవు. షట్టరు సగం దించాను. ట్రిమ్మరుతో గడ్డం సర్దుకున్నాను.

నవంబరు 13

బావతో ఫోను. గొంతు బాగా కిందికి దిగింది. మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. ప్రయాణం బడలిక ఇంకా తీరనట్టుంది.

"దొర ఎలా ఉన్నాడ్రా?"

"వాడికేం బావా, రాజాలా ఉన్నాడు."

"రోజూ అద్దం చూపిస్తున్నావా?"

"అద్దానికేం లోటు? చూపిస్తున్నా."

నవ్వినట్టున్నాడు. భుజం ఎలా ఉందంటే, "అక్కకిస్తున్నా" అన్నాడు. అక్క వచ్చి వంకాయలో పురుగు, మనవరాలి జలుబు, అన్నీ చెప్పింది. భుజం సంగతి తప్ప.

నవంబరు 15

దొర మేత ముట్టలేదు. ఒక్కపూటకేం కాదులే.

నవంబరు 16

తోక అంచు చూస్తే కొత్తగా కత్తెర పట్టినవాడు కత్తిరించినట్టుంది. ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి, మధ్యలో చీలికలు. చీలిక చివర నల్లటి గీత. ఒళ్లు కూడా ఎరుపు తగ్గి ఇటుక పొడి రంగులోకి దిగింది. రెక్కలు విప్పుతున్నాడు గానీ వెంటనే మూసేస్తున్నాడు. తొట్టి అడుగున పడుకుంటున్నాడు.

గిరాకీలు గాజు మీద వేలితో కొట్టి, "ఏదీ, ఒకసారి విప్పు" అంటున్నారు. వాళ్ల మెడ మీద కత్తి ఉన్నప్పుడు అలాంటి మాటలు మాట్లాడొద్దన్నాను. నవ్వారు. నేను నవ్వలేదు.

నవంబరు 17

ఇన్నేళ్లుగా ఎన్ని తలలు చూశాను! చుండ్రు, తామర, పేనుకొరుకుడు, దువ్వెన పెట్టకముందే చెప్పేస్తాను. తోక చిరగడం అంటే తెగిన గాయం. తెగిన గాయానికి మా దగ్గర ఉన్న మందు పటిక. రక్తం ఆగుతుంది, చీము పట్టదు. నీళ్లు తేరడానికి కూడా పటికే వేస్తారు. ఒక దెబ్బకు రెండు పనులు అనుకుని, పటిక రాయి తీసుకుని తొట్టిలో నాలుగుసార్లు తిప్పాను.

సాయంత్రానికి నీళ్లు అద్దంలా తేరాయి. బావ చూస్తే మెచ్చుకునేవాడు.

నవంబరు 18

కొంప మునిగింది.

పొద్దున షట్టరెత్తేసరికి దొర నీళ్ల పైకొచ్చి, ఒక పక్కకి ఒరిగి, నోరు తెరిచి మూస్తూ ఉన్నాడు. సెలవు రోజు. వీధి చివరున్న చేపల కొట్టు తెరిచి ఉందా లేదా అని కూడా ఆలోచించకుండా, చెంబులో వాణ్ణి పోసుకుని పరిగెత్తాను. కొట్టు ఆవిడ గాజుపెట్టెలు కడుగుతోంది. చెంబులోకి వంగి చూసి చేయి తుడుచుకుంది.

"రెక్కలు కుళ్లుతున్నాయండీ. ఇది గాయం కాదు, జబ్బు. నల్లంచు చూశారా? మెల్లిగా లోపలికి తినేస్తుంది. ఇదింకా ఒంటిదాకా రాలేదు, అదృష్టం. నీళ్లలో ఏమైనా వేశారా?"

"ఏమీ వేయలేదు."

ఎందుకన్నానో తెలీదు. ఇన్నేళ్ల పనివాణ్ణి, చేపకు పటిక రాశానని ఆవిడ ముందు నోరు రాలేదు.

ఏం చేయాలో చెప్పింది. రోజూ తొట్టిలో మూడోవంతు నీళ్లే తీసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు పోయాలి. నీళ్లన్నీ ఒక్కసారి మార్చకూడదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ విరగడానికి చుక్కల మందిచ్చింది, చేపల ఉప్పు ఇచ్చింది. వంటుప్పు వద్దంది. నీళ్లు చల్లబడకూడదంది. మేత తినకపోతే వేసినది తీసేయాలి, లోపల కుళ్లనివ్వకూడదు.

"బతుకుతాడా అమ్మా?"

"నేను చెప్పినవి చేయండి, చూద్దాం."

చూద్దాం అనే మాట నాకు నచ్చదు. డాక్టర్లంతా అదే అంటారు.

నవంబరు 19

ఇంకా ఒరిగే ఉన్నాడు. సిగ్గు విడిచి కొట్టుకెళ్లి పటిక సంగతి చెప్పేశాను. ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "నిన్ననే చెప్తే మొత్తం వేరే నీళ్లలోకి మార్చేదాన్ని కదండీ! పటికకు నీళ్లు పులుపెక్కుతాయి, వాడికి ఊపిరాడదు" అని తిట్టి, కొట్టు పక్కవాళ్లకు అప్పగించి, తొట్టి చూస్తానని నాతో బయల్దేరింది. దారి పొడుగునా తిట్టింది. నాకు హాయిగానే ఉంది. తిట్టేవాళ్లు బతికిస్తారు.

షాపులో అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. ముందద్దం చూసింది, వెనకద్దం చూసింది, తొట్టి చూసింది.

"ఇక్కడ పెట్టారా?"

"అద్దం ముందుంటే హుషారుగా ఉంటాడని."

"హుషారా? అది హుషారు కాదండీ, పోట్లాట. అద్దంలో ఉన్నది తనే అని వాడికేం తెలుసు? ఇంకోడు తన ఇంట్లోకి వచ్చాడనుకుంటాడు. ముందొకడు, వెనకొకడు. వాళ్లు పోరు, అలిసిపోరు. పొద్దున్నుంచి షట్టరు మూసేదాకా వాడు యుద్ధం చేస్తున్నాడు. ఒంట్లో సత్తువ అయిపోతే జబ్బు రాక ఏం చేస్తుంది?"

తరవాత నీళ్ల మీద వేలు పెట్టి తీసి నాకు చూపించింది. జిడ్డు. తలకు కొట్టే స్ప్రే, మెడకు కొట్టే పౌడరు, అంతా ఎగిరొచ్చి తొట్టి మీద పొరలా కట్టింది. ఈ జాతి చేప పైకొచ్చి గాలి పీలుస్తుందట. అందుకే వెనక అర. బావ తెలిసే అక్కడ పెట్టాడు.

ఇప్పుడు మళ్లీ కదిలిస్తే బెదురుతాడని, నీళ్లు మార్చి, తొట్టి అక్కడే ఉంచమంది. బావ అద్దానికి దుప్పటి కప్పాను. తొట్టి వెనక అట్ట నిలబెట్టాను. ఆ వైపు పౌడరు బంద్.

ఆవిడ వెళ్లాక గుర్తొచ్చింది. బావ చేతద్దం చూపించేవాడు, నిజమే. ఎంతసేపు? ఒక గడ్డానికి నురుగు రాసేంతసేపు. దొర రెక్కలు విప్పి, మొప్పలు తెరిచి ఒక్క ఊపు ఊపగానే, "చాలు దొరా, గెలిచావ్" అని అద్దం సొరుగులో పడేసేవాడు. జనం ఇంకా ఇంకా అన్నా తీసేవాడు కాదు. శత్రువు పారిపోయాడనుకుని దొర ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

నాకు రెక్కలు విప్పడమే గుర్తుంది. అద్దం దాచేయడం గుర్తులేదు.

నవంబరు 20

మేత లేదు.

నవంబరు 21

మేత లేదు. దుప్పటి కప్పిన అద్దం చూసి లెక్కల మాస్టారు, "స్ప్రింగు పోయిందన్నావ్, అద్దం కూడా పోయిందా?" అన్నారు. అంతా పోయింది మాస్టారూ అన్నాను. వెళ్తూ నా భుజం తట్టారు.

నవంబరు 22

ఒక మేత గుళిక నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. ఉమ్మినా సరే, పెట్టుకున్నాడు! మా ఆవిడకు ఫోను చేసి చెప్పాను. "మన పెళ్లిచూపులకు కూడా మీరు ఇంత సంబరపడలేదు" అంది.

నవంబరు 23

కొట్టు ఆవిడ రోజూ సాయంత్రం వచ్చి చూసి పోతోంది. చేపకు జబ్బు చేస్తే వెంటనే బయటపడదట. బలహీనం అని తెలిస్తే మిగతావి పొడిచి చంపుతాయని దాచుకుంటాయట. మామూలుగా ఉన్నట్టే తిరుగుతాయి, కాకపోతే కష్టమైన పనులు ఒక్కొక్కటే మానేస్తాయి. ఒక మూల ఎంచుకుని అక్కడే ఆనుకుని ఉంటాయి. "రోజూ చూసేవాళ్లకే తెలియదండీ. కొత్తగా చూసినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది" అంది.

ఆవిడ వెళ్లిపోయాక చాలాసేపు పని చేయలేకపోయాను. ఒకాయన మెడకు గుడ్డ కట్టి అలాగే నిలబడ్డాను.

కత్తి గడ్డాలు బావ ఎప్పుడు మానేశాడు?

"ఈయన్ని నువ్వు చూడరా, నీ చెయ్యి తేలిక" అనేవాడు. నాకెంత పొంగొచ్చేదో! చిన్నప్పుడు కత్తెర పట్టడం నేర్పిన చెయ్యి, నా చెయ్యి తేలిక అంటోందంటే. ఒక్కొక్కటే నాకు అప్పగించాడు. ముందు ముసలాళ్ల గడ్డాలు, వాళ్ల చర్మం వదులు కాబట్టి. తరవాత చెవుల వెనక సర్దడం. తరవాత పసిపిల్లల క్షవరాలు. మిషను పని మాత్రం ఉంచుకున్నాడు. మిషను దానంతట అదే వణుకుతుంది, చెయ్యి వణుకు అందులో కలిసిపోతుంది.

టీ గ్లాసు సగమే పోయమనేవాడు. షుగరేమో అనుకున్నాను.

కుర్చీకి నడుము ఆనించి నిలబడేవాడు. వయసనుకున్నాను.

రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను. పొద్దున్నుంచి రాత్రిదాకా చూస్తూనే ఉన్నాను.

నవంబరు 24

గడ్డం నాకు నప్పదు. ఎప్పుడూ నప్పలేదు.

నవంబరు 25

సెలవు. షట్టరు సగం దించి, అక్కకు ఫోను చేశాను. బావ పడుకున్నాడట.

"అక్కా, భుజమేనా?"

అక్కడ కుక్కరు కూత వినిపించింది. అది ఆపేసి వచ్చింది.

"భుజం కాదురా. నరాల జబ్బు. తగ్గదట. మందులేసి ఇంకా ముదరకుండా చూస్తామన్నారు. కత్తి, కత్తెర పట్టొద్దన్నారు."

"నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడక్కుండా ఉంటే బాగుండునని ఆయన. అడిగితే బాగుండునని నేను. నువ్వేమో అడగనే లేదు." తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది. "నీ చెంప తెగిందిరా ఒకసారి. నువ్వు నిద్రలో ఉన్నావ్. సన్నగా, చెవి కింద. పటిక రాసేశాడట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మళ్లీ నీ మొహం మీద కత్తి పెట్టనన్నాడు."

చెవి కింద తడుముకున్నాను. పొద కింద ఏముందో ఏం తెలుస్తుంది?

ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

నవంబరు 27

దొర తోక అంచున నలుపు పోయింది. దాని చివర సన్నటి పొర, గాజులా, రంగు లేకుండా. భయపడి కొట్టు ఆవిణ్ణి పిలిచాను. చూసి నవ్వింది. కొత్త రెక్క అలాగే వస్తుందట, మెల్లగా రంగు పట్టుకుంటుంది. "పాత పొడుగు రాకపోవచ్చు. బతకడానికి అంత తోక అక్కర్లేదులెండి."

మేత తిన్నాడు. ఉమ్మలేదు.

నవంబరు 29

ఈ నెల మొదట్లో రాసుకున్నది ఇవాళ చదివాను. వీడు బాగుంటే ఆయన కుర్చీ దగ్గరికి వచ్చేస్తాడట. వీడు బాగవుతున్నాడు. ఆయన కత్తి పట్టడు. రెండూ నిజమే, ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. ఆ కుర్చీని ఖాళీగా ఉంచింది ఆయన కోసమనుకున్నాను. నా కోసం. పక్కన చూసుకుంటే ఆయన వస్తున్నట్టు ఉండాలి, అంతే నాక్కావలసింది.

డిసెంబరు 1

బావకు ఫోను చేసి దొర సంగతంతా చెప్పాను. అద్దాలు, పౌడరు, పటిక.

"పటికా! ఒరేయ్, చేపకు గడ్డం గీశావట్రా?"

పాత నవ్వు. మాట ఆగుతోంది గానీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వు మధ్యలో అనేశాను.

"బావా, అక్క చెప్పింది."

నవ్వు అక్కడే తెగింది. "సరేలే" అన్నాడు. ఇంకాసేపటికి, "ఆ కుర్చీలో ఎవర్నైనా పెట్టుకోరా. ఖాళీ కుర్చీ షాపుకు మంచిది కాదు" అన్నాడు.

"నువ్వొచ్చి చెప్పు. ఫోనులో చెప్తే వినను."

డిసెంబరు 5

వస్తున్నారట. ఉండిపోవడానికే వస్తున్నారట. "అక్కడ నాకు పనీ పాటా లేదు, కూతురు కాలు కింద పెట్టనివ్వదు" అని బావ గోలట. మందులు ఎక్కడున్నా మింగొచ్చు కదా. తొట్టిని వెనక అరలోకి మార్చేశాను, దుప్పటి మాత్రం ఇంకా తీయలేదు. ఆ ముసుగు తియ్యాలంటే చెయ్యి రావడం లేదు.

డిసెంబరు 9

సెలవు.

షట్టరు సగం దించి ఉంటే కింది నుంచి ముందు చెప్పులు కనిపించాయి. వంగి లోపలికొచ్చాడు. చిక్కాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. షాపంతా ఒకసారి చూశాడు.

"అద్దానికి ముసుగేశావేంట్రా? నా మొహం అంత బాగోదా?"

"దొరకి విశ్రాంతి."

"దొర అక్కడున్నాడుగా."

ఆయనే వెళ్లి ఎడంచేత్తో దుప్పటి లాగేశాడు. అద్దంలో ఇద్దరం కనబడ్డాం. నా గడ్డం కేసి చూసి తల తిప్పుకున్నాడు.

వెనక అర దగ్గరికెళ్లి తొట్టిలోకి వంగాడు. దొర పైకొచ్చాడు. పొట్టి తోక, అంచున లేత గులాబీ. "నీ తోక కత్తిరించాడా మా బామ్మర్ది? బిల్లు అడక్కు, మనవాడే" అన్నాడు వాడితో.

నేను వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. మెడకు గుడ్డ నేనే కట్టుకున్నాను.

"గీయి బావా. పొద పెరిగిపోయింది."

"వద్దురా."

"ఇవాళ సెలవు. నీ వంతు బాకీ ఉంది."

ఎందుకంత మొండికేశానో నాకే తెలీదు. ఆయన నా వెనక నిలబడ్డాడు. జేబులోంచి చెయ్యి తీశాడు. కత్తి విప్పాడు. చెయ్యి వణుకుతోంది. ఎడంచేత్తో మణికట్టు పట్టుకున్నాడు, అయినా వణుకుతోంది. అద్దంలోకి చూస్తూ, పళ్లు బిగించి, ఆ చేతిని ఆపాలని చూస్తున్నాడు. మెడ నరాలు పొంగాయి. నుదుటి మీద చెమట పట్టింది. ఎదురుగా అద్దంలో అదే చెయ్యి, అదే కత్తి, వణుకుతూ. ఆయన దాంతో పోట్లాడుతున్నాడు. కదిలితే ఓడిపోతాడని నేను ఊపిరి బిగబట్టుకున్నాను. ఎంతసేపని చూస్తాను?

"చాలు దొరా, గెలిచావ్" అన్నాను.

ఆయన కళ్లు అద్దంలో నా కళ్లను వెతికాయి. తరవాత అద్దం వదిలేసి, చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడి, నేరుగా నా మొహంలోకి చూశాడు. కత్తి మూసి నా చేతిలో పెట్టాడు.

నేను బ్రష్షు అందించాను.

సబ్బు గిన్నెలో బ్రష్షు పెట్టాడో లేదో నురుగు లేచిపోయింది. ఇంత చిక్కటి నురుగు మా షాపులో ఎప్పుడూ రాలేదు. నా మొహం, చెవులు, ముక్కు అంతా పూసేశాడు. కళ్లు మండాయి. ఎందుకైతేనేం, మండాయి.

"చూశావ్రా? వణుకుడికి కూడా ఉద్యోగం దొరికింది."

గడ్డం నేనే గీసుకున్నాను. ఆయన పక్కనే తన కుర్చీలో కూర్చుని పని చూశాడు. "ఎడమ చెంప కింద వదిలేశావ్. అక్కడ ఎప్పుడూ వదిలేస్తావ్ నువ్వు." చెవి కింద సన్నటి గీత బయటపడింది. ఇద్దరం చూశాం. పటిక రాయి తీసి, నవ్వుకుని, మళ్లీ పెట్టేశాను.

"ఈ కుర్చీలో ఎవర్ని పెడతావ్?" అన్నాడు.

"కత్తెరకి మనిషిని చూస్తాలే. నురుగుకి మాత్రం మనిషున్నాడు."

ఆయన లేచాడు. సొరుగు తెరిచి చేతద్దం బయటికి తీశాడు. ఎడంచేత్తో పట్టుకుని దొర దగ్గరికెళ్లి, కాసేపు వాడి తోక చూస్తూ నిలబడి, అద్దం మళ్లీ సొరుగులో పెట్టేశాడు.

"ఇవాళ వద్దులే. రేపు షాపు తెరిచాక చూద్దాం."